ఉప్పెన గురించి అడగొద్దు

1977 దివిసీమ ఉప్పెన చూసిన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసే పనిలో నా మొదటి రికార్డింగు ఏడు నిమిషాల్లో అయిపోయింది.

నాగాయలంక వైపు మా అమ్మ పుట్టిన ఊళ్ళో, అమ్మకు వరసకు చిన్నాన్న అయ్యే తాతయ్య ఇంటి వసారాలో కూర్చున్నాం. కొత్తగా కొన్న రికార్డర్, ఇరవై రెండు ప్రశ్నలు రాసుకున్న నోటుపుస్తకం ముందు పెట్టుకుని, "తాతయ్యా, ఉప్పెన వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. ఆయన కండువా సర్దుకుని, నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. పొద్దుటి నుంచి ఈదురుగాలి. ఆ తర్వాత ముసురు. తాడిచెట్టంత ఎత్తున సముద్రం. కొట్టుకుపోయిన పాకలు. చెట్టుకొమ్మ పట్టుకుని గడిపిన రాత్రి. తెల్లారి చూస్తే ఎటు చూసినా శవాలు. ఎక్కడా తడబడలేదు. ఆగాల్సిన చోట ఆగారు. చివర్లో "పగవాడికి కూడా ఆ రోజు రాకూడదమ్మా" అని చేతులు జోడించి, "అయిందా?" అని అడిగారు.

అయిందనుకున్నాను. రికార్డర్ ఆపేశాను. అమ్మమ్మ టీ తెచ్చింది. టీ తాగుతూ, రోడ్డు మీద పోతున్న పిల్లల్ని చూస్తూ, ఆయన ఉన్నట్టుండి "ఆ యేడు టపాకాయలు సగం దాచాను" అన్నారు. మా వైపు నాగుల చవితికి కూడా టపాకాయలు కాలుస్తారు. దీపావళికి కొన్నవాటిలో కాసిని అందుకోసం అట్టిపెడతారు. చవితి నాటికి పిల్లవాడికి జ్వరం. తగ్గాక కాలుద్దాంలే అని రేకు డబ్బాలో పోసి, తేమ తగలకుండా మూతకు పాత పంచెగుడ్డ చుట్టి, అటక మీద పెట్టారట. "రోజూ అడిగేవాడు. రేపురా, రేపు అనేవాణ్ణి."

ఇంకేం అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆయనకు ఒక కొడుకు ఉండేవాడన్న సంగతి ఆ ఏడు నిమిషాల్లో ఎక్కడా లేదు. రికార్డర్ ఆగి ఉంది.

అప్పటి నుంచి మూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాం. నాతో పాటు మరో ఇద్దరున్నారు. ఇన్నాళ్ళలో నేను గట్టిగా నమ్మిన మాట ఒకటుంది. ఏ సంఘటన కోసం మనం ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్తున్నామో దాని గురించి మొదటి రోజు అడగకూడదు. రెండో రోజు కూడా అడగకూడదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని సరిగ్గా అడిగితే అది దానంతటదే వస్తుంది. రాకపోతే, అది వాళ్ళు ఇవ్వదలచుకోనిది. అది లాక్కునే హక్కు మనకు లేదు.

దివిసీమ తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య, సముద్రం ఒడ్డు దాకా ఉన్న నేల మాది. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక, చివర్న హంసలదీవి. 1977 నవంబరు 19, శనివారం నాడు వచ్చిన తుపాను సముద్రాన్ని దాదాపు అయిదు మీటర్ల ఎత్తున ఊళ్ళ మీదికి తోసింది. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు పదివేల దాకా ఉన్నారు. ఇంకా చాలా ఎక్కువమంది పోయారని మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. వరి కోతకు వచ్చి ఉంది. పశువులు పోయాయి, తాగే చెరువులు ఉప్పుబారాయి, బయటికి కబురు చేరడానికే రోజులు పట్టింది. తీరం వెంట ఇవాళ కనబడే తుపాను షెల్టర్లు ఆ తర్వాత కట్టినవే. 1990 మేలో అంతటి తుపానే మళ్ళీ ఇదే తీరానికి వచ్చినప్పుడు లక్షకు పైగా మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళ సంఖ్య వెయ్యి లోపు ఆగింది.

1977లో పాతికేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మా అమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళుగా ఆ రోజు చూసినవాళ్ళు మా ఊళ్ళో ఇక వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అందుకే ఈ పనిలో అందరూ చెప్పే మొదటి మాట "తొందరపడాలి" అనేది. నాతో పాటు మొదలుపెట్టిన ఒక స్నేహితుడిదీ అదే మాట. ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు చాలు, వందమందివి ఫోన్‌లో వీడియో తీసేద్దాం, ఉన్నంతలో దక్కించుకుందాం అనేవాడు. తోసిపారేయాల్సిన వాదన కాదు. బందరును 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచినప్పుడు దాదాపు ముప్పై వేలమంది చనిపోయారు. మాకు దాని గురించి దొరికేది దొరల రిపోర్టుల్లోని నష్టాల లెక్క. ఆ రాత్రి బందరులో ఒక తల్లి పిల్లల్ని ఎక్కడ దాచుకుందో అడుగుదామంటే ఎవరున్నారు? మళ్ళీ అలా కాకూడదన్న ఆరాటం నాకూ ఉంది.

కానీ ఆ పది నిమిషాల కథ ఇప్పటికే మన దగ్గర ఉంది. ప్రతి ఏడూ నవంబరు 19న స్మారక స్తూపాల దగ్గర దండలు వేస్తారు, టీవీల వాళ్ళు వస్తారు, ఊళ్ళో బాగా చెప్పగలిగిన ఇద్దరు ముగ్గురి ముందు మైకు పెడతారు. దాదాపు యాభై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ ఆ కథ నున్నగా అరిగింది. అబద్ధం కాదు, అందులో ప్రతి మాటా నిజమే. అయితే ఆ మనిషి బయటివాళ్ళ కోసం కట్టుకున్న గోడ అది. ఏడు నిమిషాల్లో తాతయ్య నాకు చెప్పిన మాటలు ఎవరైనా చెప్పగలిగినవే. చెట్టు, శవాలు, తాడిచెట్టంత సముద్రం. మరొకరు చెప్పలేనిది ఆ డబ్బా మూతకు చుట్టిన పంచెగుడ్డ. వందమంది దగ్గర ఒకే కథ వందసార్లు తీసుకోవడం కంటే, పదిమంది దగ్గర పంచెగుడ్డ దాకా వెళ్ళడం మేలని నా వాదన.

మరి ఏం అడగాలి? ఇల్లు అడగాలి. మీ ఇంటి గుమ్మం ఎటు ఉండేది, పొయ్యి ఎక్కడ, పొయ్యిలోకి ఏం వాడేవాళ్ళు, మంచినీళ్ళు ఎక్కడి నుంచి, ఎవరు మోసేవాళ్ళు, ఆ యేడు ఏం వరి వేశారు, పాలేరుకు ఏడాదికి ఎన్ని బస్తాలిచ్చేవాళ్ళు, అవనిగడ్డకు ఎలా వెళ్ళేవాళ్ళు, సినిమాకు ఎవరితో, పెళ్ళికి చీర ఎక్కడ కొన్నారు. ఈ ప్రశ్నలకు ఎవరూ గొంతు సవరించుకోరు. ఎవరి దగ్గరా ముందే తయారుచేసి పెట్టుకున్న జవాబు ఉండదు. ఆలోచించుకుని చెప్పాలి. అలా ఆలోచించుకుంటున్నప్పుడు వాళ్ళు మన ముందు ఉండరు, ఆ ఇంట్లో ఉంటారు.

మా పద్ధతి ఇప్పుడు ఇలా స్థిరపడింది. మొదటిసారి రికార్డర్ లేకుండా వెళ్తాం. ఎవరి పిల్లలమో, ఎందుకొచ్చామో చెప్పి, టీ తాగి వస్తాం. రెండోసారి పుట్టినప్పటి నుంచి పెళ్ళి దాకా. మూడోసారి సంసారం, పొలం, పిల్లలు. నాలుగోసారికి అవసరం ఉంటే ఉప్పెన, ఆ తర్వాత ఇవాళ్టి దాకా. వెళ్ళేముందు ఊరి గురించి చదవగలిగినంత చదువుకుని వెళ్తాం. దాపటెద్దుకూ వలపటెద్దుకూ తేడా తెలియని మనిషికి దున్నకం గురించి ఎవరూ లోతుగా చెప్పరు. మొదట్లో నాకు తెలియదు. ఒక రైతు మర్యాదగా మాట మార్చేశారు. తర్వాత నేర్చుకున్నాను. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు.

ఒక మామ్మ గారి సంగతి చెప్పాలి. కోడూరు వైపు ఊరు. రెండుసార్లు వెళ్ళినా ఆమె "నాకు చెప్పడం రాదమ్మాయ్, మా ఆయనుంటే చెప్పేవాడు" అనే మాట దగ్గరే ఆగిపోయేది. మా బృందంలో ఒకమ్మాయి "మామ్మా, మీ పాత ఊరు ఎలా ఉండేదో నేల మీద గీసి చూపిస్తావా?" అంది. మామ్మ కోడల్ని కేకేసి ముగ్గుడబ్బా తెప్పించుకుంది. గచ్చు మీద చతికిలబడి ముందు చెరువు వేసింది. చెరువు గట్టున రామాలయం. అక్కడి నుంచి రెండు బజార్లు. బజారు వెంట ఒక్కో ఇంటికీ ఒక చిన్న డబ్బా. ఇంటి వాళ్ళ పేరు చెప్పి, ఆ డబ్బాలో ఎంతమంది ఉండేవాళ్ళో అన్ని చుక్కలు పెట్టింది, ముగ్గుకు పెట్టినట్టే, వేళ్ళ మధ్య నుంచి పిండి జారుస్తూ. "ఇది చాకలోళ్ళది, ముసలామె, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. కోడలు కడుపుతో ఉంది." అని ఆగి, ఆరు చుక్కల పక్కన ఏడోది పెట్టాలా వద్దా అని మా వైపు చూసింది. పెట్టింది.

ఊరి చివర, కాలవ గట్టు అవతల ఒక పందిరి గీసింది. "కోతలకొచ్చిన కూలోళ్ళు ఇక్కడ దిగారు. పేర్లు తెలవ్వు. ఎక్కడోళ్ళో కూడా తెలవదు. పిల్లలు కూడా ఉన్నారు." ఎన్ని చుక్కలు పెట్టాలో ఆమెకు అర్థం కాలేదు. కాసేపు చెయ్యి గాల్లోనే ఉంది. చివరికి గుప్పెడు పిండి ఆ పందిట్లో కుప్పగా పోసింది.

సర్కారు లెక్కకూ జనం లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో నేను చాలాచోట్ల చదివాను. నాకు అర్థమైంది ఆ కుప్ప చూశాకే. ఓటరు జాబితాలో లేనివాళ్ళను, ఆ ఊరి రేషను కార్డు లేనివాళ్ళను, పేరు తెలిసిన మనిషి ఒక్కరూ మిగలనివాళ్ళను ఎవరు లెక్కపెడతారు?

గీయడం అయ్యాక మేమేమీ అడగలేదు. ఆమే వేలితో అక్కడక్కడా ఒక్కో చుక్క తాకింది. బతికి మిగిలినవాళ్ళు వాళ్ళు. తన ఇంట్లో అయిదు చుక్కలుంటే ఒకదాని మీదే వేలు పెట్టింది. మేం ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటో పెద్దది చేయించి, ఆ ఊరి నుంచి వేరేచోట స్థిరపడిన కుటుంబాలకు చూపిస్తున్నాం. ఒక్కో ఇల్లూ సరిచూసుకుంటున్నారు. సాయంత్రం కోడలు గచ్చు కడిగేసింది.

ఇప్పుడు జ్ఞాపకం తప్పుతుందన్న ప్రశ్న. చదువుకున్న స్నేహితులు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే. యాభై ఏళ్ళ కిందటి సంగతి, ముసలివాళ్ళు, నమ్మేదెలా? నిజమే, తప్పుతుంది. అయిదు మీటర్ల నీటిని అందరూ తాడిచెట్టంత అంటారు. 1990 తుపానులో జరిగినవి 1977కు అంటగడతారు. "అప్పుడు మమ్మల్ని బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్ళారు" అని ఒకాయన చెప్పారు, 1977 గురించి. 1977లో ఆయన్ని ఏ బస్సూ ఎక్కించుకోలేదు. ఆ ఎక్కించడం 1990లో. తేదీ సరిచేసి రాసుకోవాలి, నిజమే. కానీ రాసుకుని వదిలేస్తే మాత్రం ఆయన చెప్పిందాంట్లో సగం పోగొట్టుకున్నట్టే. ఆయన ఇద్దరు చెల్లెళ్ళు 1977లో పోయారు. బస్సు వచ్చి ఉంటే బతికేవాళ్ళు. ఆయన మనసు ఆ బస్సును పదమూడేళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది.

ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో లూయిజి ట్రస్తుల్లి అనే యువ కార్మికుడు 1949లో ఒక ఊరేగింపులో పోలీసుల కాల్పులకు చనిపోయాడు. దశాబ్దాల తర్వాత ఒక పరిశోధకుడు ఆ ఊరి కార్మికుల్ని అడిగితే చాలామంది అతను 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో పోయాడని చెప్పారు. అంతమంది ఒకేలా పొరబడటమే ఆ పరిశోధనకు అసలు విషయం అయింది. తమలో ఒకడు ఊరికే పోయాడని వాళ్ళు ఒప్పుకోలేకపోయారు. ఉద్యోగాల కోసం జరిగిన పెద్ద పోరాటంలో పోయాడనుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా బస్సు తాతయ్యే గుర్తొచ్చారు.

మన దగ్గర ఈ దారి వేసినవాళ్ళు లేకపోలేదు. 1980లలో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే పుస్తకంగా తెచ్చారు. అప్పటిదాకా ఆ పోరాటం గురించి రాసినవాళ్ళు నాయకులు. ఈ ఆడవాళ్ళు తుపాకీ గురించీ చెప్పారు, కన్నబిడ్డను వదిలి అడవిలోకి పోవడం గురించీ చెప్పారు, అంతా అయ్యాక ఇక ఇళ్ళకు వెళ్ళమన్నప్పుడు కలిగిన బాధ గురించీ చెప్పారు. నాయకుల్ని అడిగినట్టు "పోరాటం గురించి చెప్పండి" అని అడిగి ఊరుకుంటే ఆ మూడో మాట వచ్చేదా అని నేను తరచూ అనుకుంటాను.

నేను చేసిన ఒక పొరపాటు కూడా ఇక్కడే రాయాలి. మొదటి నెలల్లో, అప్పటికి నాకీ బుద్ధి రాలేదు, ఒకావిడను "పిల్లల్ని చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" అని అడిగేశాను. ఆమె చెప్పింది. ఏడవలేదు కూడా. నేను మంచి రికార్డింగు దొరికిందని సంతోషంతో విజయవాడ బస్సెక్కాను. రాత్రి పదకొండింటికి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "మా అమ్మ అన్నం తినలేదండీ. బీపీ పెరిగి ఆర్‌ఎంపీ డాక్టర్ని పిలిపించాం. పిల్లల పేర్లు పెట్టి పిలుస్తోంది. మేం ఇన్నేళ్ళూ ఆ పేర్లు ఇంట్లో ఎత్తం. మీరు మళ్ళీ రావద్దు." నేను క్షమించమని అడిగాను. అతను ఫోన్ పెట్టేశాడు. ఆ రికార్డింగు ఇప్పటికీ ఎవరికీ వినిపించలేదు, రాత కూడా రాయలేదు. అతను అనుమతిస్తేనే తప్ప అలాగే ఉంటుంది.

ఆ రాత్రి తర్వాత కొన్ని నియమాలు పెట్టుకున్నాం. సాయంత్రం పూట వెళ్ళం, ఎందుకంటే మనం లేచి వచ్చేశాక వాళ్ళకు రాత్రంతా మిగిలి ఉంటుంది. పొద్దున్నే వెళ్తాం, మధ్యాహ్నం భోజనాల లోపు ముగిస్తాం. ఇంట్లో వాళ్ళ మనిషి ఒకరు ఉండాలి. చివరి అరగంట మనవళ్ళ చదువులు, రొయ్యల చెరువుల రేట్లు, పింఛను, ఇవే మాట్లాడతాం, మనిషి ఇవాళ్టిలోకి వచ్చాకే లేస్తాం. మర్నాడు ఫోన్ చేస్తాం. ముసురు పట్టినప్పుడు వెళ్ళం. నవంబరులో అసలు వెళ్ళం. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు ఒకే తిథిన ఆబ్దికాలు పెట్టుకుంటాయి. ఆ రోజుల్లో ఆ ఇళ్ళలో మాకు పని లేదు.

యంత్రాల సంగతి ఎక్కువ రాయను. రికార్డర్ ఒకటి, తోడుగా ఫోన్ ఒకటి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రెండూ నడవాలి. కుదిస్తే చెడే ఫార్మాట్ వద్దు, వేవ్ ఫైలే ఉంచుకోవాలి. ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకూడదు, అయితే మే నెలలో డెబ్బై అయిదేళ్ళ మనిషిని ఫ్యాను లేకుండా కూర్చోబెట్టకూడదు. అందుకే మేం చలికాలం పొద్దుటిపూటలు ఎంచుకుంటాం. ఇంటికి రాగానే మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్ళో. ఫైలు పేరులో తేదీ, ఊరు, వరస సంఖ్య. ఇంతే.

రాసుకోవడం దగ్గర మాత్రం ఆగాలి. ఒక గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి అయిదారు గంటలు పడుతుంది. టైపు చేసే అమ్మాయి మొదట్లో అంతా శుభ్రం చేసి పంపేది. "ఒచ్చింది" అంటే "వచ్చింది" అని, "తెలవదు" అంటే "తెలియదు" అని. ఆ శుభ్రం చేసిన కాగితం చదివితే మామ్మ కనబడలేదు, ఎవరో టీచరమ్మ కనబడింది. ఎలా పలికారో అలాగే రాయమన్నాం. ఆగినచోట ఎంతసేపు ఆగారో కూడా. తాతయ్య ఒకచోట నలభై సెకన్లు మాట్లాడలేదు. రికార్డులో గోడ గడియారం, దూరంగా బోరు మోటారు తప్ప ఏమీ లేవు. అది తీసేసి ముందు మాటనూ వెనక మాటనూ అతికిస్తే ఆయన ఎంతో తేలిగ్గా చెప్పేసినట్టు ఉంటుంది. ఇలా అక్షరం అక్షరం రాసినందుకే నాకు మరో సంగతి కనబడింది. వీళ్ళలో ఎవరూ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు "ఉప్పెన" అనరు. మాకు చెప్పేటప్పుడు అంటారు. వాళ్ళలో వాళ్ళు "ఆ గాలివాన" అంటారు, లేదా ఉట్టినే "అప్పుడు" అంటారు.

హక్కుల విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. సంతకం కోసం కాగితం చాచి "ఇక్కడ పెట్టండి" అంటే అది అనుమతి కాదు. మేం కాగితం చదివి వినిపిస్తాం, అదీ చివరి రోజున, ఏం చెప్పారో వాళ్ళకు తెలిశాక. పేరు పెట్టాలా, మార్చాలా, ఎవరు వినొచ్చు, ఏ ముక్క తీసేయాలి, ఏ ముక్క తాము పోయాకే బయటపెట్టాలి, అన్నీ వాళ్ళిష్టం. పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళ పిల్లలకు ఒక కాపీ ఇస్తాం. ఒక సంస్థ మా రికార్డింగులన్నీ భద్రపరుస్తామని ముందుకొచ్చింది. మంచి సర్వర్లు, మంచి జీతాలు కూడా. సర్వహక్కులూ తమవేనని కాగితంలో ఉంది. వద్దన్నాం. సొంత డబ్బుతో హార్డ్ డిస్కులు కొనుక్కుంటున్నాం. ఇది మొండితనం అన్నవాళ్ళున్నారు. ఆ మామ్మ పోసిన గుప్పెడు పిండి మీద సర్వహక్కులూ ఇంకొకరివని రాసివ్వడం నా చేత కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఇంకొకటి చెబితే అర్థమవుతుంది. ఒక వ్యవసాయ కూలీ తాత, మాలపల్లె ఆయన, నాలుగోసారి వెళ్ళినప్పుడు డాబా గురించి చెప్పారు. అప్పట్లో ఆ ఊళ్ళో ఒకటే డాబా, మోతుబరిది. ప్రాణాలతో ఉన్నవాళ్ళంతా ఆ రాత్రి దాని మీదే. ఒకే టార్పాలిను కింద అందరూ. మోతుబరి ఇంటి ముసలమ్మ ఈయన కూతుర్ని తన చీరకొంగులో చుట్టుకుని కూర్చుందట. మొదటి మూడుసార్లూ కథ ఇక్కడితో ఆగింది. ఊళ్ళో అందరూ గర్వంగా చెప్పుకునేదీ ఇక్కడిదాకానే. నాలుగోసారి ఆయన ఇంకొంచెం చెప్పారు. "ఆ రాత్రి డాబా మీద కులం లేదమ్మా. మూడో రోజు మంచినీళ్ళ డ్రమ్ములు వచ్చినప్పుడు మళ్ళీ వచ్చింది. మాది వేరే వరస."

రెండూ నిజం. చీరకొంగూ నిజం, వేరే వరసా నిజం. పది నిమిషాల వీడియోలో చీరకొంగు ఒక్కటే వచ్చేది, అది చూసి అందరం కళ్ళు తుడుచుకునేవాళ్ళం. ఆయన ఇంకా ఆ ఊళ్ళోనే, ఆ మోతుబరి మనవళ్ళ పొలం పక్కనే బతుకుతున్నారు. అందుకే ఊరి పేరు రాయలేదు. ఎప్పుడు రాయొచ్చో ఆయనే కాగితంలో రాయించారు.

పోయిన సంక్రాంతికి మొదటి తాతయ్య దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈ మూడేళ్ళలో ఆయన దగ్గర తొమ్మిది గంటల రికార్డింగు అయింది. టపాకాయల సంగతి ఏడాది తర్వాత ఒకరోజు ఆయనే మళ్ళీ ఎత్తారు, రికార్డర్ వైపు చూసి, "అది పెట్టుకో" అని చెప్పి మరీ. ఈసారి అదంతా వినిపించడానికి వెళ్ళాం. ఇయర్‌ఫోన్స్ వద్దన్నారు, చిన్న స్పీకర్ పెట్టాం. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి వింది. పిల్లవాడి మాట వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి, అయిపోయాక మళ్ళీ వచ్చింది.

"టపాకాయల ముక్క ఉంచు. వాడి పేరు మాత్రం వద్దు" అన్నారు తాతయ్య.

సరేనని రాసుకున్నాను. తర్వాత ఎద్దుల దగ్గరికి వచ్చాం. ఉప్పెనలో పోయిన జత గురించి రెండోసారి కూర్చున్నప్పుడు చెప్పారు, మైలోడు, కర్రోడు అని. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టమన్నారు. రెండుసార్లు విన్నారు.

"తప్పు చెప్పానమ్మాయ్. మైలోణ్ణి వలపల కట్టేవాణ్ణని అన్నాను. కాదు, వాడు దాపల. వలపల కడితే అడుగు వేసేవాడు కాదు. సరిచేసి రాయి."